కర్ర మోగలేదు

నీటికాసులతో మా పెదనాయనకు రెండు కళ్లూ పోయాయి. అయినా ఆదివారం చర్చికి ఒక్కడే పోయేవాడు. తర్లుపాడు దారిలో ఉన్న మా ఊళ్లో, ఇంటికీ చర్చికీ మధ్య రాతి పలకలు కోసే షెడ్లు దాటాలి. వెదురు కర్రతో నేలను కొట్టుకుంటూ, ఇది మట్టి, ఇది రాయి, ఇది కాలవ మీద పరిచిన బండ అని చప్పుడును బట్టి తెలుసుకుంటూ నడిచేవాడు. ఎవరైనా చెయ్యి పట్టుకోబోతే విదిలించుకునేవాడు. ఇంట్లో అందరూ కూలికి పోయాక రోజంతా మంచం మీద కూర్చునే మనిషికి, తనదంటూ మిగిలింది ఆ నడక ఒక్కటే. దాన్ని నేను పోగొట్టాను.

మార్కాపురంలో నాకు టీవీలూ మిక్సీలూ బాగుచేసే దుకాణం ఉంది. పని లేని పూటల్లో సర్క్యూట్లు కట్టడం అలవాటైంది. మొదట దుకాణం గుమ్మానికి, ఎవరైనా కదిలితే మోగే అలారం కట్టాను. అందులో వాడే అల్ట్రాసోనిక్ సెన్సర్‌కు రెండు గుండ్రటి కళ్లుంటాయి. ఒకటి మన చెవికి అందని శబ్దాన్ని వదులుతుంది. రెండోది దాని ప్రతిధ్వని కోసం కాచుకుంటుంది. అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఎదుటి వస్తువు ఎంత దూరంలో ఉందో ఒక చిన్న బోర్డు లెక్కకడుతుంది. ఆ సెన్సర్‌ను పీవీసీ పైపుకు బిగించి, బజర్ కలిపి, పెదనాయనకు కర్ర తయారుచేశాను. గోడ దగ్గరయ్యేకొద్దీ మోత వేగమవుతుంది.

ప్రేమతోనే చేశానని అందరితో చెప్పుకున్నాను. ప్రేమ లేకపోలేదు. కానీ వీడియో తీసి బంధువుల గ్రూపులో పెట్టి, వచ్చే మెచ్చుకోళ్లు చదువుకోవాలన్న ఆశ అంతకంటే ఎక్కువ.

బల్ల మీద పరీక్షించేటప్పుడు ఎదురుగా ఒక పలక నిలబెట్టాను. నిటారుగా ఉన్నంతసేపూ కర్ర మోగింది. పలక వెనక్కి వాలి గోడకు ఆనుకోగానే ఆగిపోయింది. నున్నటి ఏటవాలు రాయి మీద పడిన శబ్దం పైకి జారిపోయిందే గాని వెనక్కి రాలేదు. సంగతి అప్పుడే అర్థమైంది. మావైపు పలకలను పెట్టేదే అట్లా, షెడ్డు గోడకు వాల్చి. కర్ర పైభాగాన, కిందికి చూసేట్టు ఇంకో సెన్సర్ పెడితే సరిపోయేది. తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

కర్ర చేతికిచ్చినప్పుడు పెదనాయన నవ్వాడు. "ఏందబ్బాయా ఇది, కోడిపిల్ల మాదిరి అరుస్తాంది?"

"అరవకపోతే దారి బాగున్నట్టే పెదనాయనా. నేలకు మాత్రం కొట్టొద్దు, తీగలు ఊడిపోతాయి."

ముసలాయనకు హారన్ పెట్టినావంట గదా, లైసెన్సు గూడా ఇప్పించమని ఆటోవాళ్లు నన్ను ఆటపట్టించారు. నాకు గర్వంగానే ఉంది. ఆయన మాత్రం బుద్ధిమంతుడైన పిల్లవాడిలా, కర్రను గాలిలో ఎత్తి పట్టుకుని నడవడం నేర్చుకున్నాడు. నేలను వినడం మానుకున్నాడు.

ఒక ఆదివారం వీడియో కోసం ఫోన్ పట్టుకుని వెనకాలే నడిచాను. షెడ్డు మలుపులో, లారీకి ఎత్తడానికి కాబోలు, గోడకు వాల్చిన పలకల ముందు ఇంకా పలకలు వాల్చి వరసను దారి మీదికి తెచ్చారు. నాకు కనపడింది. పిలవడానికి నోరు తెరిచాను. మోగుతుందేమో చూద్దామని ఆగాను. కర్ర మోగలేదు. పెదనాయన అదే నడకతో పోయి వాటిమీద పడ్డాడు. పలకలు జారి ఆయన కాలి మీదికి వచ్చాయి.

తుంటి విరిగింది. ఒంగోలులో ఆపరేషన్ చేశారు గాని, ఆ వయసులో ఇక లేచి నడవడం కష్టమని అక్కడే చెప్పేశారు.

ఇంటికి తెచ్చాక ఆయనే నన్ను ఓదార్చాడు. "దాన్దేం తప్పు లేదులే అబ్బాయా. నువ్వు యెనకాల్నే వస్తాండావని నేనే ధైర్యంగా పోయినా."

ఆ మాట విన్నాక దాచలేకపోయాను. "పలకలు నాకు కనపడినాయి పెదనాయనా. మోగుతాదేమోనని చూస్తా నిలబడినా."

ఆయన "అట్లనా" అన్నాడు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు. తిట్టి ఉంటే, కనీసం తిట్టించుకున్నానన్న ఊరట ఉండేది నాకు.

తర్వాత రెండో సెన్సర్ పెట్టాను. ఏటవాలు పలకల ముందు కూడా కర్ర ఇప్పుడు మోగుతుంది. తీసుకెళ్లి చూపిస్తే, పైపును ఆ చివర నుంచి ఈ చివరకు తడిమి, "ఎవరికన్నా ఇయ్యిపో" అన్నాడు. ఇవ్వాలంటే ఎవరికి, ఏమని చెప్పి ఇవ్వాలో తెలియలేదు.

ఆదివారాలు ఇప్పుడు ఆరాధన అయ్యాక పాస్టరుగారే ప్రభు సంస్కారపు రొట్టె, ద్రాక్షరసం పట్టుకుని ఇంటికి వస్తున్నారు. పెదనాయన మంచం మీదే పడుకుని, అలికిడి ఏ వైపు నుంచి వస్తే ఆ వైపుకు నోరు తెరుస్తాడు. నేను గుమ్మం దగ్గర నిలబడతాను. అక్కడున్నది నేనేనని ఆయనకు తెలుసు. పిలవడు.