లాకుల్లేని కాలవ

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదుండేదని మావాళ్లు ఇప్పుడు చెప్పుకుని నవ్వుతుంటారు. శుద్ధ అబద్ధం. ముక్కు మీదే ఉంటే నలుగురికీ కనబడేది, నలుగురూ భయపడేవారు, నా పడవ వేళకి కదిలేది. నా కోపం గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోయేది. పెళ్లయి రెండు మూడేళ్లే, ఉద్యోగంలో చేరీ అంతే, పైగా ఇంట్లో అత్తమామలు. ఆఫీసులో మేనేజర్ ఏమన్నా, ఇంట్లో మామగారేమన్నా "సరేనండీ" అనడం తప్ప వేరే మాట రానట్టే బతికేదాన్ని. ఆ సరేనండీల వల్ల నేను పోగొట్టుకున్నదాని గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను. ఇన్నేళ్లయినా తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

అప్పుడు మేం జెర్సీ సిటీలో ఒక టవర్‌లో ఉండేవాళ్లం. సాయంత్రం రైలు దిగి ఇంటికొచ్చి, వంటింటి కిటికీలోంచి నది మీద పోయే పడవల్ని చూస్తూ చపాతీలు ఒత్తేదాన్ని. చలి మొదలయ్యేసరికి పడవలన్నీ ఒకదాని వెనక ఒకటి దక్షిణానికి పోయేవి. ఎక్కడికా అని ఆరా తీస్తే, తీరం వెనకాలే కాలవలూ ఏళ్లూ కలుపుకుంటూ, నడి సముద్రం జోలికి పెద్దగా పోకుండానే ఫ్లోరిడా దాకా, అక్కడి వెచ్చటి నీళ్ల దాకా వెళ్లిపోవచ్చని తెలిసింది. అంతే, నాకు పిచ్చి పట్టింది. చలికాలమంతా వీకెండ్లలో క్లాసులకి వెళ్లి బోటు నడపడం నేర్చుకున్నాను. మా ఆయన్ని సతాయించి ఓ పాత మోటారు బోటు కొనిపించాను. వరసగా రెండు క్రిస్మస్‌లకి ఆఫీసులో కాపలా కాసి మూడు వారాల సెలవు సంపాదించాను. (కన్సల్టెంటుకి మూడు వారాల సెలవు దొరకడమంటే ఏమిటో ఆ ఉద్యోగం చేసినవాళ్లనే అడగండి.) ఏ ఊళ్లో ఆగాలి, ఏ వంతెన మనం రేడియోలో అడిగితే పైకి లేస్తుంది, డీజిల్ ఎక్కడ పోయించుకోవాలి, అన్నీ నేనే చూసుకున్నాను. ఒక్క పూట వృథా చెయ్యకపోతేనే ఆ సెలవులో వెచ్చటి నీళ్లు అందుతాయి. అందుకే మొదటి రోజు పొద్దున్నే, పోటు మీద బయల్దేరాలనుకున్నాను. మా బోటు కట్టేసిన కాలవ సముద్రంలో కలిసేది. పోటు వేళ నిండుగా ఉండేది, ఆటు వేళ బురద తేలేది.

ఆ ఏడాది మా అత్తగారూ మామగారూ ఆరు నెలలుందామని వచ్చారు. మామగారు ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. గోదావరి కాలవల మీద నీళ్లు ఆపి వదిలే లాకుల తలుపులు ఎత్తించడంలో, దింపించడంలో ఆయన సర్వీసంతా గడిచింది. అలాంటి మనిషి ముందు నేను నోరు జారి "కాలవల్లో వెళ్తున్నామండీ" అన్నాను. ఆ క్షణం నుంచి ప్రయాణం ఆయనదైపోయింది. వాళ్లిద్దరూ కూడా వస్తున్నారని ఆయనే తేల్చేశారు. మర్నాడు రాజమండ్రిలో సిద్ధాంతిగారికి ఫోన్ చేసి ముహూర్తం పెట్టించేశారు. పొద్దున వర్జ్యమట, మధ్యాహ్నం దివ్యంగా ఉందట. ఆ మధ్యాహ్నం దివ్యంగా ఉన్నది నా కాలవలో ఆటు. భోజనాల దగ్గర మెల్లిగా ఆ సంగతి చెప్పి, ఫోన్లో పోటు వేళలు చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చూసి, జాలిగా నవ్వారు.

"ఇది సముద్రానికమ్మా. మనం వెళ్లేది కాలవలో కదా. కాలవలో నీళ్లు వాటంతటవి పెరగవు, తరగవు. లాకు తలుపులెత్తితే వస్తాయి, దించితే ఆగుతాయి. ఇంతకీ దీనికి హెడ్ లాకు ఎక్కడ?"

ఇక్కడ లాకుల్లేవండీ అన్నాను. లాకుల్లేకుండా కాలవ ఎలా ఉంటుందమ్మా అన్నారు. అత్తగారు, పెద్దాయనకి కాలవల గురించి చెబుతావా అన్నట్టు నావైపు చూసి పెరుగు వడ్డించారు. ఆ రాత్రి మా ఆయనకి చెప్పుకున్నాను. ఆయన తన జీవితంలో ఎక్కువసార్లు వాడిన మాటే వాడారు. "పెద్దాయన ముచ్చటపడుతున్నారు. ఒక్క పూటకి కొంపలేం మునగవు, సర్దుకుపో." (మునగడానికైనా నీళ్లుండాలి కదా అని నేను అనలేదు. అనుకున్నాను.) సర్దుకుపొమ్మని చెప్పేవాళ్లెవరూ తాము ఒక్క అంగుళం జరగరు. ఆ మాట కనిపెట్టినవాడెవడో గాని, వాణ్ని నా బోటు వెనకాల తాడు కట్టి ఈడ్చుకుపోవాలనిపించింది.

బయల్దేరే రోజున మా టవర్‌లోని తెలుగువాళ్లు నాలుగు కుటుంబాలు డబ్బాల్లో పులిహోరా దద్దోజనం పట్టుకుని సాగనంపడానికి వచ్చారు. అత్తగారు రుబ్బురోలు తప్ప వంటిల్లంతా బోటెక్కించారు. స్టీరింగుకి పసుపూ కుంకుమా పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, హారతిచ్చారు. అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు నిమ్మకాయలు గుర్తొచ్చాయి. కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాలి కదా, మరి పడవకి చక్రాలేవి? దీని మీద పెద్ద చర్చ జరిగింది. తిరిగేది ప్రొపెల్లరు గనక దాని కిందే పెట్టాలని మామగారు తీర్మానించారు. ఒకాయన బోటు పక్కనున్న చెక్క ప్లాట్‌ఫారం మీద బోర్లా పడుకుని నీళ్లలోకి చెయ్యి పెట్టి ప్రయత్నించాడు, నిమ్మకాయ తేలిపోయింది. దాన్ని పట్టుకోడానికి ఇంకొకాయన వంగాడు. నేను మాత్రం బోటు కట్టేసిన కర్రకి పట్టిన నాచు వైపే చూస్తున్నాను. నీటి అంచు నాచు కిందికి, ఇంకా కిందికి దిగిపోతోంది. ఒంట్లో రక్తమంతా నెత్తికెక్కుతోంది.

ముహూర్తం వేళకి ఇంజను స్టార్ట్ చేశాను. ఇంజను అరిచింది గాని బోటు కదల్లేదు. అడుగున మెత్తగా ఏదో పట్టుకున్నట్టయింది, ఆపేశాను. చూస్తుండగానే కాలవ సగం బురదైంది, బోటు ఓ పక్కకి ఒరిగింది, అత్తగారి కుక్కరు దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర ఆగింది. ప్రొపెల్లరు మొత్తం బయటపడింది. అత్తగారు దానివైపు చూసి, చేతిలో నిమ్మకాయలతో, "ఇప్పుడు పెట్టేద్దామా?" అని అడిగారు. ఆవిడ వేళాకోళం చెయ్యడం లేదు, నిజంగానే అడిగారు. మామగారు మాత్రం ఏమీ తొణక్కుండా, "ఆ లాకు సూపరింటెండెంటుకి ఫోన్ చెయ్యమ్మా. ఓ రెండడుగుల నీళ్లు వదలమను" అన్నారు.

అప్పుడు గొంతు దాటింది నా కోపం.

"ఈ కాలవకి లాకు సూపరింటెండెంటు చంద్రుడండీ మామయ్యగారూ. ఆయన ఎప్పుడు నీళ్లు వదులుతాడో నాకు ముందునుంచీ తెలుసు. చెప్పాను కూడా. మీలో ఒక్కరూ వినలేదు."

నాలుగు కుటుంబాలవాళ్లూ తలలొంచుకుని పులిహోర తినడంలో మునిగిపోయారు. మా ఆయన సర్దుకోడానికి చోటు వెతుక్కున్నారు. మామగారు చాలాసేపు ఆ బురద వైపు చూస్తూ కూర్చున్నారు. చీకటి పడుతుండగా నీళ్లొచ్చాయి, ఎవరూ తలుపులెత్తకుండానే వచ్చాయి. ఆయన లేచి నిలబడి, బోటు నెమ్మదిగా నిటారుగా అవుతున్నంతసేపూ చూశారు.

ఆ పూటతో పోతే నేనింత కోపం దాచుకునేదాన్ని కాదు. మర్నాటికి ఈశాన్యం గాలి పట్టుకుంది. ముందురోజు పొద్దున బయల్దేరినవాళ్లు దాన్ని తప్పించుకుని పోయారు, మేం దాదాపు వారం రోజులు తాళ్లు బిగించుకుని కూర్చున్నాం. గాలి తగ్గాక వెళ్లాం, వెళ్లగలిగినంత దూరం వెళ్లాం. సెలవు అయిపోవచ్చేసరికి వర్జీనియాలో ఉన్నాం. అక్కడ నిజంగానే ఒక లాకు వచ్చింది. దూరాన్నుంచే పోల్చుకుని మామగారు చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని ముందుకొచ్చి నిలబడ్డారు. వెనక తలుపులు మూసుకున్నాయి, నీళ్లు జానెడు కదిలాయి, ముందు తలుపులు తెరుచుకున్నాయి. ఆయన నావైపు తిరిగి, "చూశావా అమ్మా, లాకు" అన్నారు. కళ్ల నిండా నీళ్లు. ఆ లాకు దాటాక బోట్లు కట్టేసుకునే మొదటి మరీనాలోనే బోటు వదిలేసి, కారు అద్దెకి తీసుకుని ఆఫీసుకి పరిగెత్తాలి. ఆయన లాకు ఆయనకి దొరికింది, నా వెచ్చటి నీళ్లు నాకు దొరకలేదు. ఆ ముఖం చూశాక మనసారా తిట్టుకునే వీలు కూడా లేకుండా పోయింది. దానిక్కూడా కోపమొచ్చింది.

ఇప్పుడు కాపెల్ అనే ఊళ్లో ఉంటున్నాం. చుట్టుపక్కల సముద్రమన్నది లేదు, ఆ బోటూ లేదు. కానీ ఈ ఏడాది మళ్లీ మూడు వారాలు సెలవు పెట్టాను. ఆ లాకు దగ్గరే బోటు అద్దెకి తీసుకుని, ఆగిపోయిన చోటునుంచి దక్షిణానికి నేనే నడుపుకుంటూ వెళ్తాను. మొన్న రాజమండ్రి నుంచి మామగారు ఫోన్ చేసి ఎప్పుడు బయల్దేరుతున్నావమ్మా అని అడిగారు. పోటు చూసి చెబుతానండీ అన్నాను. "అవునవును, ముందు పోటు" అన్నారు బుద్ధిగా. గెలిచాననిపించింది. ఫోన్ పెట్టేసి, తారీకు చూసుకుని, పోటు వేళ చూసుకున్నాను. శ్రేష్ఠంగా ఉంది. ఆ తర్వాత గదిలో ఎవరూ లేరని చూసుకుని, వర్జ్యం కూడా చూశాను. సరిగ్గా పోటు వేళకే ఉంది. ప్రయాణం మర్నాటికి మార్చేశాను, కారణం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజుల్లో నాచు పట్టిన కర్ర వైపు చూస్తూ పళ్లు నూరుకున్న ఆ పిల్లకి గనక ఈ సంగతి తెలిస్తే, నన్ను బోటెక్కనివ్వదు.