గొంతు అప్పజెప్పలేదు

ఆ చలికాలం కరోనా వల్ల బడులు మూసేశారు. జర్మనీలో, స్టుట్‌గార్ట్ పక్కన మా రెండు గదుల ఇంట్లో ఒక గది మా ఆయన ఆఫీసు, రెండోది మా అమ్మాయి ఏడో తరగతి. మిగిలిన వంటగది నాది. మా ఇంటర్నెట్ ఇద్దరి వీడియోలనూ మోయలేక చతికిలపడేది. కెమెరా ఆగితే పిల్ల క్లాసులో లేనట్టేనని బడివాళ్ళు రూలు పెట్టారు. కుర్చీలోంచి కదలని పిల్లకు గైర్హాజరు పడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఇలాగే సాగితే లాటిన్ తప్పుతుందని మెయిల్ కూడా వచ్చింది.

ఆ లాటిన్ క్లాసులోనే దానికి మాట్లాడడానికి ఒక విషయం ఇచ్చారు: పాతకాలం రోములో రాజకీయం నడిపిన పెద్దింటి ఆడవాళ్ళు. నేను చపాతీలు ఒత్తుతుంటే ఎదురుగా నిలబడి పాఠం అప్పజెప్పేది. వాళ్ళకు సెనేట్‌లో చోటు లేదు, పదవుల్లేవు. అయినా ఎవరి కూతురు ఎవరింటి కోడలవ్వాలో, ఎవరితో ఎవరు చేతులు కలపాలో భోజనాల దగ్గరే తేల్చేసేవారట.

"మమ్మీ, వాళ్లకు ష్టిమ్మె లేకుండె," అంది.

ష్టిమ్మె అంటే గొంతు. నాకు గొంతు పోయి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు నేర్చుకున్న మాట అది. నా జర్మన్ క్లాసు కరోనాతో సగంలోనే ఆగిపోయింది.

"గొంతు లేకుంటెనే గంత పెత్తనం చేసిన్రా?" అన్నాను. అది పకపకా నవ్వి క్లాసుకు పరిగెత్తింది.

వాళ్ళలో ఒకావిడ నాకు బాగా నచ్చింది. యుద్ధం ఖర్చుకని ఆడవాళ్ళ ఆస్తుల మీద పన్ను వేస్తే, వాళ్ళు ముందు పాలకుల ఇంటి ఆడవాళ్ళతో చెప్పించాలని చూశారట. ఒక ఇంట్లో అవమానించి పంపేశారు. అప్పుడీవిడ నడిబజారులో నిలబడి, అధికారంలో వాటా లేని మాకు పన్నులో వాటా ఎందుకని తనే నిలదీసింది. పన్ను చాలామందికి తప్పింది.

నాకు మా మేనత్త గుర్తొచ్చింది. ఆడవాళ్ళ రిజర్వేషన్‌లో సర్పంచ్ అయింది. సంతకం అత్తది, పెత్తనం మామయ్యది. మీటింగుల్లో అత్త నోరు మెదిపితే చూసినవాళ్ళు లేరు.

అంతలో క్లాసు తల్లిదండ్రుల ప్రతినిధి ఊరు మారడంతో మళ్ళీ ఎన్నిక వచ్చింది. ఈ దేశం ఎన్నికల్లో మాకు ఓటు లేదు, బడిలో ఉంది. ప్రతినిధినైతే ఆ రూలు గురించి టీచర్లను అడగొచ్చు. నిలబడతానన్నాను.

"నీకు జర్మన్ సరిగ్గ రాదు గదా. నేను పక్కకు కూసుంట, నువ్వు ఊకె నవ్వు, నేను మాట్లాడ్త," అన్నాడు మా ఆయన, మంచికే.

"మీరు లోపలికి పోండ్రి," అన్నాను. మామయ్య కూడా మంచికే మాట్లాడేవాడు.

వీడియో మీటింగులో అన్ని మొహాలు చూసేసరికి నా పేరు, పిల్ల పేరు తప్ప నాకు మాట పెగల్లేదు. ఎన్నిక నడిపే ఆవిడ ఓటు లింకు పెట్టి, ముందు నన్నే అడిగింది: "ఇహ్‌రె ష్టిమ్మె అబ్‌గెగేబెన్?"

అబ్‌గేబెన్ అంటే అప్పజెప్పడం. పార్సిల్ అయినా, హోంవర్క్ అయినా. మీ గొంతు అప్పజెప్పేశారా అంటోంది! తలుపు వెనక మా ఆయన ఉన్నాడని కనిపెట్టిందనుకున్నాను.

"లేదు! నా గొంతు ఎవరికీ అప్పజెప్పను, నేనే మాట్లాడతాను," అని వచ్చిన జర్మన్‌లో గట్టిగా అనేశాను.

తెర నిండా నవ్వులు. పక్కనుంచి మా అమ్మాయి గుసగుసగా, "మమ్మీ, ష్టిమ్మె అంటే ఓటు గుడ!"

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ నోరు తెరిచాక మూయడం నా వల్ల కాదు. జర్మన్ మాటల ముందు పెట్టాల్సిన డెర్, డీ, డాస్ అన్నీ తారుమారవుతుంటే ఇంటర్నెట్ గోల, గైర్హాజరు గోల మొత్తం చెప్పాను. ఇద్దరు ముగ్గురు తల్లులు మా ఇంట్లోనూ అంతేనన్నారు. గెలిచాను.

తలుపు తీసి మా ఆయన, "ఏమైంది?" అన్నాడు.

"ఓటు ఇచ్చేసిన. గొంతు నా దగ్గర్నే ఉంది. టీచర్లతోని మాట్లాడేది గుడ నేనే."

మాట్లాడాను. ఒక్కసారితో అవలేదు, మళ్ళీ మళ్ళీ అడిగాను. చివరికి కెమెరా ఆగినా, పిలిస్తే పలికితే చాలన్నారు.

మా అమ్మాయి క్లాసులో పాఠం చెప్పే రోజు, ఆ నడిబజారు ఆవిడ కథ దగ్గరకొచ్చేసరికి కెమెరా ఆగిపోయింది. నల్లటి తెర మీద పిల్ల బొమ్మ లేదు, గొంతు మాత్రం ఆగకుండా చివరిదాకా వినిపించింది. ఆ రోజు దానికి హాజరు వేశారు.