యాభై కిలోమీటర్ల రాయి

ఆఫీసులో ఆమెని అందరూ లెక్కలమ్మ అనేవాళ్లు. ముందర కాదులెండి, వెనకాల. ఒక భవనం పుట్టిన దగ్గర్నుంచి కూలగొట్టేదాకా ఎంత పొగకి కారణమవుతుందో లెక్క తేల్చడం ఆమె ఉద్యోగం. సిమెంటు కాల్చిన పొగ, ఇనుము కరిగించిన పొగ, లారీలు తాగే డీజిలు, చివరికి శిథిలాలు మోసుకుపోవడం, ఏదీ వదలదు. నాలుగు పలకలు పగిలాయని మేస్త్రీ అంటే, "నాలుగేనా? ఇంకోసారి లెక్కపెట్టు" అని ప్రాణం తోడేసేది. పదహారేళ్లుగా ఇదే వరస.

అలాంటి మనిషి ఒక్క గడి ఖాళీగా వదిలేసింది.

కొత్త గ్రంథాలయం గోడలు ఊరి ఇటుకతో కట్టాలా, రాతితో కట్టాలా అని తేల్చమన్నారు. రాయి ఎంత దూరం నుంచి వస్తుందో రాయాల్సిన గడి అది. మనం ఏమీ రాయకపోతే కంప్యూటరే యాభై కిలోమీటర్లని వేసేసుకుంటుంది. తర్వాత కనుక్కుని మారుద్దాంలే అనుకుంది. ఆ పనిలో ఉన్నవాళ్లందరూ అనుకునే మాటే. ఆ తర్వాత ఏముంది, మర్చిపోయింది! తక్కువ పొగ అని రాయి గెలిచింది, గోడలు లేచాయి, ఆమెకి శాలువా కప్పినంత పనిచేశారు. అదే లెక్క చూపించి ఇంకో మూడు రాతి భవనాలకి సంతకాలు పెట్టబోతున్నారు.

గ్రంథాలయం తెరిచిన రోజు వాళ్ల బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. ఆయన లారీ డ్రైవరు. ఏ సరుకు తోలుతున్నావని ఆమె ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. చీఫ్ ఇంజినీరు పలకరిస్తే ఆయన పొంగిపోయాడు.

"ఈ రాయి తోలింది నేనేనండీ! మూడు వందల ఎనభై కిలోమీటర్లు. నలభై ట్రిప్పులు. మా అమ్మాయి కట్టించేదని నాకే తెలీదు!"

చీఫ్ ఇంజినీరు ఆమె వైపు తిరిగి, "లెక్కలో యాభై అని ఉంది కదమ్మా?" అన్నాడు. ఖాళీగా వదిలేసిన గడి ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది.

"బాబాయ్‌కి ఏం తెలుసు సార్? వయసు మీద పడింది, ఎక్కడి దూరమో ఇక్కడ చెప్పేస్తాడు" అని నవ్వేసింది.

అందరూ నవ్వారు. బాబాయ్ కూడా నవ్వి, "అంతేనండీ, మతిమరుపు" అన్నాడు. నలభై ఏళ్లు స్టీరింగు పట్టిన మనిషికి దారి తెలీదట! ఛీ, ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా?

అక్కణ్ణుంచి తిన్నగా ఆఫీసుకెళ్లి గడిలో మూడు వందల ఎనభై కొట్టి చూసింది. ఇటుక ముందు రాయి చిత్తుగా ఓడిపోయింది. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. లెక్క తప్పినందుకు కొంత, బాబాయ్ నవ్విన నవ్వుకి చాలా.

మర్నాడు పొద్దున్నే బాబాయ్ ఇంటికెళ్లింది. ట్రిప్పు కాగితాలు అడగాలని. ఆయన అప్పటికే వాటిని ముందేసుకుని కూర్చున్నాడు.

"నావల్ల నీకు మాట వచ్చిందా తల్లీ? నోరు జారాను. ఎవరైనా అడిగితే యాభై అనే చెప్తాను. ఇవి చింపేస్తాలే."

ఆమెకి నేలలోకి కుంగిపోవాలనిపించింది.

"చింపకు బాబాయ్. అబద్ధం చెప్పింది నేను."

"నువ్వా? నువ్వెందుకు చెప్తావే?" అని ఆయన కొట్టిపారేశాడు.

ఇంక ఆగలేక ఆయన ఎదురుగానే చీఫ్ ఇంజినీరుకి ఫోను చేసింది. "సార్, నిన్న మా బాబాయ్ చెప్పిందే నిజం. దూరం కనుక్కోకుండా లెక్క ఇచ్చాను. పైగా ఆయనకి మతి లేదని చెప్పాను. ఆ మూడు సంతకాలూ ఆపండి."

బాబాయ్ గాభరాగా లేచి ఫోను దగ్గరికి మొహం పెట్టాడు.

"లేదండీ, యాభయ్యేనండీ! నాకే మతి సరిగ్గా లేదండీ!" అని గట్టిగా అరిచాడు.

ఆమె ఏడుస్తూనే ఆ కాగితాలు లాక్కుని, ఒక్కో ట్రిప్పు దూరం ఫోనులోకి చదవడం మొదలుపెట్టింది.