మొకం ఇటు పెట్టి చెప్పు

నా చిన్నప్పుడు మేం చిక్కడపల్లిలో కిరాయికి ఉన్న ఇంటి యజమానురాలికి చెవులు వినపడవు. ముందు భాగంలో ఆవిడా, ఆవిడ కొడుకూ ఉండేవారు. వెనక రెండు గదుల్లో మేం. నాన్నగారు ఉద్యోగరీత్యా కోస్తా నుంచి వచ్చి అక్కడ కాపురం పెట్టారు. ఆవిడను నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. ఏళ్ల తరబడి డైరీలు రాస్తున్నాను కాని, ఈ సంగతి వాటిలో ఎక్కడా లేదు. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు, రాసే అలవాటు ఇంకా రాలేదు. అందుకని ఇప్పుడు గుర్తున్నంతవరకు వరసగా రాస్తున్నాను.

పెద్దమ్మ పుట్టుచెవిటి కాదు. కొడుకు పుట్టిన నెలలోనే విషజ్వరం వచ్చి వినికిడి పోయిందట. మాట మాత్రం నిలిచింది. చదువు రాదు, కాబట్టి కాగితం మీద రాసి చూపే వీలు లేదు. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకునేది. కొడుకు గొంతు ఎలా ఉంటుందో ఆవిడకు తెలియదు. “వాని మాటంటే నాకు వాని పెదవులే బిడ్డా” అని ఒకసారి నాతో అంది.

మా అమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుంటూనే పలకరించేది. “నోట్ల పిన్నీసులు పెట్టుకొని మాట్లాడితే నేనేం సదవాలె తల్లీ, పిన్నీసులనా?” అని పెద్దమ్మ నవ్వేది. మా మాటతీరు మీద కూడా ఆవిడకు ఒక ఫిర్యాదు ఉండేది. “మీరు ‘వస్తున్నాను’ అంటరు. ‘వస్తున్న’ అంటే అయిపాయె గదా! మిగిలిందంత నా కండ్లకు దండుగ పని.”

అది అరవైతొమ్మిదో సంవత్సరం. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరంతా అట్టుడుకుతోంది. నారాయణగూడలో మా బడి మూసేశారు, మళ్లీ ఎప్పుడు తెరుస్తారో ఎవరూ చెప్పలేకపోయారు. మేం కోస్తావాళ్లం కనుక గేటు దాటవద్దని నాన్నగారి ఆజ్ఞ. దాంతో నా రోజులన్నీ పెద్దమ్మ ముందుగదిలోనే గడిచాయి.

మొదట్లో ఒక రోజు అచ్చనగాయలు ఆడుకుంటూ, తల వంచుకుని, ఆవిడకు ఏదో పెద్ద కథ చెబుతున్నాను. ఆవిడ కోప్పడలేదు. చింతపండు గింజలు తీస్తున్నదల్లా గోడవైపు తిరిగి, తనూ ఏదో చెప్పడం మొదలుపెట్టింది. భుజాలు కదులుతున్నాయి, చేతులు ఊగుతున్నాయి, మాట మాత్రం బయటికి లేదు. నేను ఆట ఆపి, ఏమిటి పెద్దమ్మా అని చుట్టూ తిరిగి ముందుకు వెళ్లాను. “గింత సేపు చెప్పిన గదా, ఇనరాలేదా? నాకు గూడ గట్లనే ఉంటది” అంది. తర్వాత నన్ను ఒక చిన్నపీట మీద కూచోబెట్టింది. తను కిటికీకి వీపు పెట్టి మంచం మీద కూచుంది. మాట్లాడేవాళ్ల ముఖం మీద వెలుగు పడాలట. చేతులు ఖాళీగా ఉండాలట. “ఇగ మొకం ఇటు పెట్టి చెప్పు” అంది. అచ్చనగాయలు లేకుండా చెబితే నా కథ నాకే బాగుందనిపించింది. ఆవిడ నా ముఖాన్ని చూసినట్లు అంతకుముందు ఎవరూ చూడలేదు.

కాని అప్పటికే ఆవిడ కళ్లకు నీటికాసులు వచ్చాయి. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుపోయే జబ్బు అది. పోయిన చూపు తిరిగి రాదని, చుక్కల మందుతో మిగిలింది కొంతకాలం నిలిస్తే నిలవచ్చని డాక్టరు కొడుకుతో అన్నాడు. పక్కనున్న చెవిటి మనిషికి ఈ సంగతి తెలియదనుకున్నాడు. పెద్దమ్మ ఆయన పెదవులు చూసి మొత్తం తెలుసుకుంది. ఇంటికి వచ్చాక నాకు చెప్పింది. గదిలో నలుగురుంటే ఒక్కరే కనిపిస్తున్నారట. పెదవులు చూస్తే కళ్లు కనపడవు, కళ్లు చూస్తే పెదవులు కనపడవు.

ఆవిడ కొడుకు మంచివాడు. ఇది ముందే చెప్పాలి. మందు వేయడం ఒక్క పూట మరిచిపోలేదు. ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా, ఒకేసారి నాలుగు పనులు చక్కబెడతాడని పేరు. ఇంట్లోనూ అంతే. చెవి రేడియో దగ్గర, కళ్లు పత్రికలో, చేయి గడ్డం మీద, మాట తల్లితో. “జర ఈ దిక్కు తిరుగు కొడకా, నీ వీపు మాట్లాడితే నాకు సమజ్ కాదు” అనేది పెద్దమ్మ. ఆయన సబ్బు నురుగు ముఖంతో సగం తిరిగి, “పరేషాన్ చెయ్యకమ్మా, ఇంటున్న గదా” అనేవాడు. “నువ్వు ఇంటున్నవ్, నేనే ఇంటలేను” అనేది ఆవిడ. ముగ్గురం నవ్వేవాళ్లం. ఆ ఏడు ఉద్యోగుల సమ్మె కూడా తోడై ఆయన ఇంట్లో నిలిచింది తక్కువ.

ఒక రోజు పెద్దమ్మ కొడుకు గడ్డం పట్టుకుని ఆపింది. “ఒక్కదినం నా ముంగట కూసో. నీ ముచ్చట మొత్తం చెప్పు. ఈ కండ్లు మూసుకపోకముందు నీ గొంతు కొంత దాచుకుంట” అంది. ఆదివారం తప్పకుండా కూచుంటానన్నాడు.

ఆదివారం పెద్దమ్మ పొద్దున్నే తలంటుకుని, గంజి పెట్టిన చీర కట్టుకుంది. కొడుక్కి ఇష్టమని సర్వపిండి చేసింది. ఆయన వచ్చి పీట మీద కూచున్నాడు. ఒళ్లో పత్రిక ఉంది, పక్కన రేడియో సన్నగా మోగుతోంది. ఆఫీసు సంగతి ఏదో ఎత్తుకునేసరికి వార్తలు మొదలయ్యాయి, తల అటు తిరిగింది. తల తిరిగిన ప్రతిసారీ పెద్దమ్మకు ఆ ముఖం తప్పిపోయేది. సూదిలో దారం ఎక్కించే మనిషిలా తల అటూ ఇటూ జరిపి, మళ్లీ పెదవులను వెతుక్కునేది. అవి దొరికేసరికి మాట ఎక్కడికో వెళ్లిపోయి ఉండేది. ఇంతలో గేటు దగ్గర నుంచి ఎవరో కేకేశారు. “ఏందన్నా, నారాయణగూడల అందరు జమైండ్రు, వస్తున్నవా లేదా?” ఆయన సర్వపిండి ముక్క నోట్లో వేసుకుని లేచాడు. చెప్పులు తొడుక్కుంటూ, వీధివైపు ముఖంతో, వచ్చే ఆదివారం నిమ్మళంగా కూచుంటానన్నాడు.

“ఏమన్నడు?” అని పెద్దమ్మ నన్ను అడిగింది. నేను పీట మీద కూచుని, వెలుగులో, ఆ మాట చెప్పాను.

వచ్చే ఆదివారం బంద్. ఆ పైవారం మీటింగు. ఇంకొక వారం బియ్యం కోసం అంబర్‌పేట వెళ్లాడు. ప్రతిసారీ ఆవిడ తయారై కూచునేది.

తర్వాత ఒక ఉదయం నేను ఎప్పటిలా వెళ్లి పీట మీద కూచుని ఆవిడ మోకాలు తట్టాను. ఆవిడ తల కుడికి జరిపింది, ఎడమకు జరిపింది, నా గడ్డం పట్టుకుని దగ్గరకు లాక్కుంది. “వెలుగుల కూసో బిడ్డా” అంది.

కిటికీలోంచి ఎండ నా ముఖం మీద పడుతోంది. కళ్లు విప్పలేనంత ఎండ.

నేను ఏడిస్తే మా అమ్మ వచ్చింది. డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లి తీసుకొచ్చారు. ఆయన కొత్తగా చెప్పింది ఏమీ లేదు. ఆ రోజంతా పెద్దమ్మ నా చేయి వదల్లేదు కనుక, సాయంత్రం నేనూ ఆ మంచం మీదే ఉన్నాను. కొడుకు రేడియో కట్టేశాడు. బయటి నుంచి పిలుస్తున్నవాళ్లకు బదులు చెప్పలేదు. తల్లి ఎదురుగా కూచున్నాడు. ఆవిడ వేళ్లతో ఆయన ముక్కు, మీసం తడిమి, చివరికి వేళ్లను పెదవుల మీద నిలిపింది. “నువ్వేనా? చెప్పు” అంది.

ఆయన చెప్పాడు. చాలాసేపు, ఆగకుండా, అటూ ఇటూ చూడకుండా చెప్పాడు. చిన్నప్పుడు ఆవిడ బడికి కట్టి ఇచ్చిన జొన్నరొట్టెలు ఎవరెవరితో పంచుకునేవాడో చెప్పాడు. సమ్మెలో ఉంటే ఉద్యోగం పోతుందని లోపల ఎంత వణుకుగా ఉందో చెప్పాడు. బర్కత్‌పురలో ఒకామెను చూశానని, అమ్మకు చెప్పాలని రెండేళ్లుగా అనుకుంటున్నానని, మొన్ననే ఆమెకు వేరేచోట పెళ్లయిపోయిందని చెప్పాడు. పెదవులు కదులుతున్నాయని ఆవిడ వేళ్లకు తెలుస్తోంది. ఏమంటున్నాయో తెలియడం లేదు. తెలియడం లేదని ఆయనకూ తెలుసు. పెదవులు ఆగాక, “మస్తుసేపు చెప్పినవ్ కొడకా” అంది.

ఏడాది తిరక్కుండానే నాన్నగారు ఇల్లు మార్చి మమ్మల్ని అశోక్‌నగర్ తీసుకెళ్లారు. తర్వాత కొన్నాళ్లకే పెద్దమ్మ పోయిందని తెలిసింది.

ఎవరు మాట్లాడినా చేతిలో పని పక్కన పెట్టి నేను ఎదురుగా కూచుంటాను. మా పిల్లలు దీన్ని మంచితనం అనుకుంటారు. నిజానికి భయం. అలా కూచోవడం వల్ల పోయేది ఆగుతుందన్న నమ్మకం కూడా నాకు లేదు. ఆ సాయంత్రం ఆయన చెప్పిన సంగతులన్నీ నాకింకా గుర్తున్నాయి. రొట్టెలు పంచుకున్న పిల్లల పేర్లు కూడా. అవి ఆవిడ కోసం చెప్పినవి, చేరింది నాకు. ఇన్నేళ్లుగా నా దగ్గరే ఉండిపోయాయి.