కుప్పలెయ్యకుండా కదిలిన లారీ

గంగరత్నం చెయ్యి చేసుకోవడం నేను మొదటిసారి చూసింది బాపట్ల చేపల మార్కెట్లో. ఎవడో తాగినవాడు ఆమె గంపని కాలితో తన్ని, "కుళ్ళిన సరుకమ్ముతున్నావేంటే" అన్నాడు. ఆమె లేవను కూడా లేదు. కత్తిపీట ముందు కూర్చునే, తక్కెడలోంచి ఇనప గుండు తీసి విసిరింది. అది వాడి మోకాలిచిప్ప మీద పడ్డ చప్పుడు ఉందే, కొబ్బరికాయ కొట్టినట్టే! వాడు కూలబడి ఏడుస్తుంటే, ఆమె నా చేపకి పొలుసు తీస్తూ, "తలకాయ తీసెయ్యమంటారా, ఉంచమంటారా మేష్టారండీ?" అంది.

ఎవరి తలకాయో తెలియక నేను రెండడుగులు వెనక్కి వేశాను.

అలా మొదలైంది మా పరిచయం. వాళ్ళది రేపల్లె అవతల, సముద్రం అంచున ఉన్న చిన్న పల్లె. తెల్లారేసరికి చేపలతో ఆటోలో బాపట్ల చేరుతుంది. మొగుడు తాగొచ్చి చెయ్యెత్తిన మొదటి రోజే తెడ్డుతో ఆయన మణికట్టు విరగ్గొట్టిందట. "ఆ తరవాత పోయేదాకా బంగారమండి ఆయన" అని చెప్పి కళ్ళు తుడుచుకుంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వాను. ఆమె కూడా నవ్వింది, బతికిపోయాను.

ఒకరోజు నాకు పండుగప్ప కోస్తూ చటుక్కున ఆగిపోయింది. పొట్టలో తెల్లటి గింజలు, గుప్పెడు.

"దీని కడుపులో సగ్గుబియ్యం పోసిందెవరండీ?"

సగ్గుబియ్యం కాదది, థర్మోకోల్. ఐసు వేసి చేపలు పంపే తెల్ల పెట్టెలు విరిగి, పొడయ్యి, మళ్ళీ సముద్రంలోకే పోతున్నాయి. ఆమె ఆ గింజల్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "మేం పంపిన పెట్టెలేనండి ఇయ్యి. మా చేపకి మేమే పెట్టాం" అంది.

సరిగ్గా అప్పుడే ఉదయ్ కిరణ్ దిగాడు. తెనాలి కుర్రాడు, ఏడో తరగతిలో నా దగ్గరే చదివాడు. ఇంజినీరింగు చేసి, ఉద్యోగం మానేసి, భట్టిప్రోలు కాలవ గట్టున ఓ షెడ్డు వేశాడు. వరిగడ్డిని నానబెట్టి, గుజ్జు చేసి, అచ్చులో నొక్కి, ఆరబెట్టి, లోపల మైనం పూస్తే చేపల పెట్టె తయారు. వాడుకుని, పని అయ్యాక చెత్తలో పారేస్తే మట్టిలో కలిసిపోతుంది. బ్యాంకులు పొమ్మన్నాయి. అందుకని ఫోన్లో ఒక పేజీ పెట్టాడు: మంచి పని అనిపిస్తే తలా కొంచెం వెయ్యండి, వేసినవాళ్ళకి కంపెనీలో వాటా. దీన్నే క్రౌడ్ ఫండింగ్ అంటారని నాకు మూడుసార్లు చెప్పాడు. నేను గంగరత్నానికి ఒక్కసారి చెప్పాను.

"అంటే పడవ వాటాలాంటిదా అండీ?"

"అలాంటిదే" అన్నాను.

ఆమె తను వెయ్యడమే కాదు, పల్లె మొత్తం చేత వేయించింది. వలలు కొనుక్కుందామని దాచుకున్నవాళ్ళు, చెవులవి తీసి తాకట్టు పెట్టినవాళ్ళు, అందరూ ఆమె మాట మీదే వేశారు. "తేడా వస్తే నా పీక కొయ్యండి" అని ఇసుకలో నిలబడి అరిచింది. ఆ మాట విన్నవాళ్ళలో ఆమె సొంత అన్న సింగయ్య కూడా ఉన్నాడు.

ఇక్కడ వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే ఆ తర్వాత కారిన నెత్తురు ఎందుకు కారిందో అర్థం కాదు. పడవ ఒడ్డుకి రాగానే చేపల్ని కుప్పలు వేస్తారు: పడవకి, వలకి, మనిషికి ఒక్కోటి. ఒకరు కుప్పలకి వీపు పెట్టి సముద్రం వైపు చూస్తూ నిలబడతారు. ఇంకొకరు ఏదో ఒక కుప్పకి తెడ్డు ఆనించి "ఇదెవరిది?" అంటారు. వెనక్కి చూడకుండా ఆ మనిషి ఒక పేరు చెప్తాడు. ఆ కుప్ప ఆ పేరుది. పేచీ లేదు. తమాషా ఏంటంటే, అన్నీ తేలాక చేపలు మళ్ళీ కలిపేసి వేలానికి పంపుతారు.

"మరి విడదీయడం దేనికి?" అని గంగరత్నాన్ని అడిగాను.

"చూసుకోటానికండి. నాదని ఒకసారి కళ్ళతో చూడాలి కదండీ."

కుప్పలు పడకముందు సరుకు కదిలిందంటే మాత్రం అది దొంగతనం. కదిల్చినవాణ్ణి ఆ తెడ్డుతోనే కొడతారు. ఎందుకు కదిల్చావని అడగరు.

ఇసుకలో పెట్టిన మీటింగులో సింగయ్య ఉదయ్‌ని ఒక్కటే అడిగాడు. "సరుకొచ్చిన రోజు మా కుప్ప మాకు చూపిత్తావా బాబూ?"

"తప్పకుండా బాబాయ్! అందరూ వచ్చెయ్యండి" అన్నాడు ఉదయ్, రిబ్బను కటింగుకి పిలిచినట్టు.

పెట్టెల మొదటి సరుకు వాడరేవుకి వెళ్ళే రోజు పల్లె నిజంగానే షెడ్డు దగ్గరికి వచ్చేసింది. ట్రాక్టరు నిండా మనుషులు, మనిషికో గంప, సింగయ్య భుజాన తెడ్డు. నన్ను నాలుగు మాటలు మాట్లాడమని ఉదయ్ పిలిచాడు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, మాటలు బట్టీపట్టుకుని వెళ్ళాను. ఆ నాలుగు మాటలూ ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.

"ఈ గంపలేంటి బాబాయ్?"

"కుప్పకి. దింపించు."

"దింపడమేంటి? లోడయిపోయింది. వాడరేవులో ఎదురు చూస్తున్నారు. ఏడాది ఆఖర్న లెక్క చూసి, లాభం వస్తే అప్పుడు మీ వాటా…"

"ఏడాది ఆఖరా!" సింగయ్య వెనక్కి తిరిగాడు. "విన్నార్రా? చేప ఒడ్డెక్కింది, ఏడాది తరవాత చూపిత్తాడంట!"

గంగరత్నం ముందుకొచ్చి ఉదయ్ చెంప పగలగొట్టింది. అవును, మొదటి దెబ్బ ఆమెదే. "మాటిచ్చావు కదరా! నా పీక అడ్డం పెట్టాను కదరా!"

వాడు చెంప పట్టుకుని, పాపం, ఎంత తెలివితక్కువ పని చేశాడంటే, డ్రైవరు వైపు చెయ్యి ఊపి "నువ్వు పోనీ రాజారత్నం" అన్నాడు.

లారీ కదిలింది. కుప్పలు పడలేదు, సరుకు కదిలింది.

పున్నమ్మ అనే ముసలావిడ, ఊతకర్ర లేనిదే నడవలేని మనిషి, వంగి రాయి తీసింది. లారీ అద్దం పగిలి లోపలికి కురిసింది, బ్రేకు పడింది. సింగయ్య తలుపు లాగి రాజారత్నాన్ని కాలరు పట్టుకుని ఈడ్చాడు. తెడ్డు ఒకసారి లేచి దిగింది. నుదురు చీలి ముఖమంతా ఎర్రగా అయిపోయింది. ఆ కుర్రాడు రెండు చేతులతో ఎడమ కన్ను మూసుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి కారుతూనే ఉంది. ఉదయ్ అడ్డం వెళ్ళాడు. రెండో దెబ్బ వాడి ముంజేతి మీద పడింది. ఎముక విరగడం నాకు వినిపించింది. నేనా? కాలవ గట్టు మీది తాడిచెట్టు వెనకాల ఉన్నాను. ఇస్త్రీ చొక్కా ఇంకా నలగలేదు.

మగాళ్ళంతా ఉదయ్ మీద పడ్డారు. తన్నులు, గంపలతో మోదడం, దుమ్ము. సింగయ్య మాత్రం ఆ గుంపులోంచి బయటికొచ్చి, బొడ్లోంచి అగ్గిపెట్టె తీసి, షెడ్డు పక్కనున్న గడ్డివామి వైపు నడిచాడు.

"దొంగ సరుకు తగలెట్టాల్సిందే!"

గంగరత్నం అప్పుడు చూసింది. వామి అంటుకుంటే షెడ్డు, షెడ్డుతో అచ్చులు, అచ్చులతో పల్లె దాచుకున్నదంతా బూడిదే. పుల్ల వెలిగింది. ఆమె పరిగెత్తుకెళ్ళి ఆ మంటని గుప్పిట్లో మూసేసింది. చర్మం కాలిన వాసన వచ్చింది.

"తప్పుకో గంగరత్నం."

"తప్పుకోను."

"నీ పీక కొయ్యమన్నావు గదే ఆవాళ!"

"కోసుకో. గడ్డి జోలికెళ్ళకు."

సింగయ్య తెడ్డు తిరగేసి, పిడితో ఆమె నోటి మీద పొడిచాడు. ముందుపళ్ళు రాలాయి. ఆమె కిందపడలేదు. మిగిలిన పళ్ళతోనే అన్న చెయ్యి పట్టి కొరికింది, వాడు కేక పెట్టి అగ్గిపెట్టె వదిలేదాకా. తలతో వాడి ముక్కు మీద గుద్దింది. వెల్లకిలా పడ్డవాడి గుండెల మీద ఎక్కి కూర్చుని, నెత్తురంతా వాడి ముఖం మీద ఉమ్మింది.

"కుప్పెయ్యకపోతే దొంగ ఆడు. తగలెడితే దొంగవి నువ్వురా అన్నా! అది ఎవరి పడవరా? మన పడవ! ఒడ్డునున్న మన పడవకి నిప్పెడతావా?"

అందరూ ఆగారు. ఆమె లేచి తెడ్డు తీసుకుని, ఉదయ్ దగ్గరికి వెళ్ళింది. వాడి విరిగిన చెయ్యి వేలాడుతోంది, కన్ను వాచి మూసుకుపోయింది. తన చీరచెంగు చింపి ఆ చేతిని మెడకి కట్టింది.

"రెండో చెయ్యి బానే ఉందిగా? తెడ్డు పట్టు. లెయ్యి."

"ఏం చెయ్యాలమ్మా?" వాడు ఏడుస్తున్నాడు.

"కుప్ప కుప్పకీ ఆనించి 'ఇదెవరిది' అను. అంతే. దానికింత నెత్తురు కావాల్సొచ్చింది."

రాజారత్నాన్ని ట్రాక్టరెక్కించి రేపల్లె ఆసుపత్రికి పంపేశారు. కొట్టినవాళ్ళే లారీలోంచి పెట్టెలు దింపి కుప్పలు వేశారు. పున్నమ్మ లెక్క పట్టుకుంది. "ఫోన్లో వేసినోళ్ళు ఉన్నారు గదరా, ఎక్కడెక్కడి బిడ్డలో! ఆళ్ళకీ ఎయ్యండి" అంది. ఫోనోళ్ళ పేరున పడ్డ కుప్పలే అందరికంటే ఎక్కువ. సముద్రం లేదు గనక గంగరత్నం కాలవ వైపు తిరిగి నిలబడింది. వీపంతా చెమట, గడ్డం కింద నెత్తురు. ఒక్కో పేరూ చెప్పింది. ఎవరి కుప్ప దగ్గర వాళ్ళు కూర్చుని, పెట్టెని వేలితో కొట్టి చూశారు, వాసన చూశారు. ఒకాయన లోపల తలపెట్టి కూడా చూశాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే లేచి, అన్నిటినీ మళ్ళీ లారీకి ఎక్కించారు.

పోలీసులు వచ్చారు. ఎస్సైగారు ఆమె ముఖం చూసి అదిరిపోయారు.

"నీ పళ్ళెవరు రాలగొట్టారమ్మా?"

"అది మా ఇంటి గొడవండి, రాసుకోమాకండి. డ్రైవరు కన్ను మీద మాత్రం మా అన్నే కొట్టాడండి. అది రాసుకోండి."

రాజారత్నానికి ఎడమ కన్ను పోయింది. సింగయ్య జైలుకెళ్ళాడు. సొంత అన్నని పట్టించిందని వదిన కృపమ్మ గంగరత్నం మీద వేడి గంజి కుమ్మరించింది. భుజం మీద తోలు ఊడొచ్చింది. ఈసారి ఆమె తిరిగి కొట్టలేదు. నాకు తెలిసి అదొక్కసారే.

రెండో లోడు రోజు నేను మళ్ళీ వెళ్ళాను, ఈసారి మామూలు చొక్కాతో. లారీ ఎక్కేముందు పెట్టెలన్నీ కుప్పలుగా పడ్డాయి. చేతికి కట్టుతో ఉదయ్ తెడ్డు ఆనిస్తున్నాడు. గంగరత్నం కాలవకేసి చూస్తూ నిలబడింది.

"ఇదెవరిది?"

"ఫోనోళ్ళది."

"ఇదెవరిది?"

"పున్నమ్మది."

"ఇది?"

"రాజారత్నానిది." పడవ మీద దెబ్బతిన్నవాడికి, ఆ దెబ్బ మానేదాకా కుప్ప వెయ్యాలని వాళ్ళ నియమం. ఆ కన్ను ఇక మానేది కాదు, ఆ కుప్పా ఆగేది కాదు.

ఆఖరి కుప్ప మిగిలింది. గేటు దగ్గర కృపమ్మ కొంగు బిగించి నిలబడి ఉంది, లోపలికి రాకుండా. ఉదయ్ తెడ్డు ఆనించాడు గానీ, అడగడానికి నోరు రాలేదు. గంగరత్నం అడక్కుండానే చెప్పింది. ముందుపళ్ళు లేక పేరు గాలితో కలిసి వచ్చింది.

"హింగయ్యది. ఒదినా, వచ్చి చూసుకో."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అడిగాను, "అంత పని చేసినవాడికి కూడానా?"

"వాటా వేరండి, ఆపకూడదు" అంది, కాలిన అరచేతిని చూసుకుంటూ. "ఆణ్ణి బయటికి రానివ్వండి, ఆడి ముందుపళ్ళు నాలుగూ నేను రాలగొడతా. అది కుప్పలోకి రాదండి."