నీడ రాయి జరిపిన వేసవి

పిల్లవాడి చదువు కోసం నాగర్‌కర్నూల్‌లో కాపురం పెట్టాక నాకు నవలల పిచ్చి పట్టింది. పుట్టింట్లో మా నాయన నేర్పిన నాలుగు అక్షరాలు అక్కడ పనికొచ్చాయి. అన్నీ బాగానే ఉండేవి కానీ, ఆ నవలల్లో తప్పు చేసిన మనుషులను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండేది. వాళ్లకు నిద్ర పట్టదు, అన్నం సయించదు, అద్దంలో తమ ముఖం తామే చూసుకోలేరు. నేను తప్పు చేసిన రోజుల్లో కడుపునిండా తిన్నాను, పడుకుంటే తెల్లారేదాకా కదల్లేదు. అద్దం సంగతంటారా, మా అత్తగారింట్లో అద్దమే లేదు. మనస్సాక్షి ఎప్పుడు, ఎలా పట్టుకుంటుందో ఆ రచయితల కంటే నేనే బాగా చెప్పగలనని నా నమ్మకం. అందుకే ఇది రాస్తున్నాను.

గట్టు అనే ఊరి దగ్గర మా అత్తగారి పల్లె. అప్పటికి ఇంకా స్వాతంత్ర్యం రాలేదు. నాకు పెళ్లయి రెండేళ్లయింది. మా చేనుకూ పక్క చేనుకూ ఒకటే మోటబావి. పక్క చేను ఒక ముస్లిం కుటుంబానిది. తాతల నాటి నుంచి రెండిళ్లూ సగం సగం వాడుకునేవి. పొద్దున ఒక ఇల్లు, మధ్యాహ్నం ఇంకో ఇల్లు మోట తోలాలి. ఏడాదికొకసారి వంతు మారుతుంది. ఆ వేసవి పొద్దటి వంతు మాది.

మా దగ్గర గడియారాలు లేవు. బావి ఒడ్డున మోట గుంజకు తూర్పున ఒక నల్లరాయి ఉండేది. పొద్దు నడినెత్తి దాటి వాలుతుంటే గుంజ నీడ తూర్పుకు సాగి ఆ రాయిని ముట్టుకుంటుంది. ముట్టుకోగానే మేం ఎద్దులు విప్పాలి, వాళ్లు కట్టాలి. ఎండ దారి మారుతుంటుంది కాబట్టి ప్రతి అమావాస్యకూ రాయి చోటు మార్చేవారు. మా మామ, వాళ్ల పెద్దాయన ఇద్దరూ రాయి మీద చెయ్యి వేసి ఒకేసారి దించాలి. ఒక్కరే ముట్టుకోకూడదు. ఎన్ని తగవులొచ్చినా ఆ రాయి మీద మాత్రం ఎవరూ నోరెత్తలేదు. దాన్ని అనుమానించడమంటే ఆ రెండు చేతులనూ అనుమానించడమే.

మా ఆయన మోట తోలితే నేను మడులకు నీళ్లు కట్టేదాన్ని. తైదలు, అంటే రాగులు వేశాం. చైత్రం వచ్చేసరికి బావి అడుగంటింది. చివరి రెండు మడులకు నీళ్లు చేరకముందే నీడ రాయిని ముట్టుకునేది. రోజూ సాయంత్రం మా అత్త చేనుకొచ్చి ఆ రెండు మడుల దగ్గరే నిలబడేది.

"ఏందే, నీల్లు కట్టుడు గూడ రాదా నీకు? మీ అవ్వ ఏం నేర్పింది?" అనేది.

మా అమ్మను అన్నది కదా, అక్కడ నాకు తిక్క రేగింది. మర్నాడు ఎద్దులు రాకముందే వెళ్లి రాయిని నాలుగు వేళ్లంత తూర్పుకు జరిపాను. రెండు రోజులాగి ఇంకో నాలుగు వేళ్లు. ఆ తర్వాత ఇంకాస్త. మొత్తం మీద జానెడు దాటింది. దాంతో మాకు అరగంట కలిసొచ్చింది. అడుగంటిన బావిలో ఆ అరగంటే అసలు నీళ్లు. మేం ఎద్దులు విప్పాక వాళ్ల బొక్కెనలో సగం బురద వచ్చేది. మా చివరి మడులు పచ్చబడ్డాయి. మా అత్త ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమే నాకు పెద్ద మెప్పు.

వాళ్ల ఉల్లిమడులు వాలిపోసాగాయి. నీళ్లు కట్టేది వాళ్ల కోడలు. నాకంటే రెండేళ్లు చిన్నది, వీపనగండ్ల వైపు పిల్ల. నన్ను అక్కా అనేది. రాయి మీద ఎవరికీ అనుమానం రాదు కదా, తప్పంతా ఆమె మీద పడింది. గట్టు మీది నుంచి వాళ్ల అత్త అరుపులు మా చేను దాకా వినబడేవి. "నడుమల కట్ట తెగ్గొట్టి వొదిలేస్తున్నవ్. ధ్యాసంత యాడుందే నీకు?"

నాకు జాలి వేసింది. అబద్ధం చెప్పను, జాలి కంటే ఎక్కువేం వెయ్యలేదు. వాళ్ల అత్త నోరు మంచిది కాదని అనుకున్నాను.

ఒక రోజు మా వంతు అయిపోయాక ఆ పిల్ల గట్టు దాటి వచ్చింది. చేతిలో పార ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అక్కా, నా మడులకు నీల్లు ఎందుకు సాల్తలేవో తెల్వదు. నీయి మంచిగ పారుతున్నయి. నువ్వెట్ల కడ్తవో జర సూపియ్యి."

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నేను చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఆమె వెంట వెళ్లాను. కాలువ ఎక్కడ లోతు చెయ్యాలో, మట్టి ఎలా అదిమిపెట్టాలో, ఏ మడి ముందు నింపాలో అన్నీ చూపించాను. చూపిస్తూ ఒకటి గమనించాను. ఆమె కట్టిన గట్లు నా గట్లకంటే గట్టిగా ఉన్నాయి. ఎక్కడా చుక్క నీరు కారిన జాడ లేదు. పని నాకంటే ఆమెకే బాగా వచ్చు. అయినా నేను, "గిట్ల కాదు చెల్లె, గట్ల" అని ఆమె చేతిలో పార తీసుకున్నాను. ఆమె ఎంతో శ్రద్ధగా చూసింది.

ఆ సాయంత్రం పొద్దు మునగకముందే వెళ్లి రాయిని దాని చోట పెట్టేశాను. అయిపోయింది, ఇక ఎవరికీ నష్టం లేదనుకున్నాను. దొంగిలించిన గిన్నెను ఎవరూ చూడకుండా మళ్లీ వాళ్ల అటక మీదే పెట్టేస్తే దొంగతనం లేనట్టే అనుకునే తెలివి అది.

మర్నాటి నుంచి వాళ్ల మడులకు నీళ్లు పారాయి. మూడో రోజు వాళ్ల అత్త మా ఇంటికొచ్చింది. కొంగున కట్టి తెచ్చిన బెల్లం ముక్క నా చేతిలో పెట్టింది.

"నువ్వు సూపిచ్చినంక నీల్లు మంచిగ పారుతున్నయి బిడ్డా. అంటే బాయిల నీల్లు ఉండంగనే ఇన్నొద్దులు అది కావాలనే వొదిలేసిందన్నట్టు. సగం ఉల్లిగడ్డ ఎండిపాయె. గసొంటిది నా ఇంట్ల వొద్దు. రేపు బండి కట్టి దాని అవ్వగారింటికి తోలిస్తున్న. మల్ల పిలిచేది లేదు."

బెల్లం నా చేతిలోనే ఉంది. నేను రాయి జరిపినప్పుడు ఆ పిల్ల మీద అనుమానమే ఉండింది. సరిచేసినప్పుడు అది రుజువైంది. దొంగచాటుగా చేసిన మంచి కూడా నా చెడుకే సాక్ష్యం చెప్పింది. నాకు మొదటిసారి భయం వేసింది. నా కోసం కాదు. రేపు బండెక్కబోయే ఆ పిల్ల కూడా తనకు పని రాదనే నమ్మి పోతుందని.

ఇంకో నాలుగు రోజులాగితే అమావాస్య వస్తుంది. పెద్దవాళ్లు రాయి జరుపుతారు. జానెడు సంగతి ఏ నేలా చెప్పలేదు. నోరు మూసుకుంటే చాలు, జన్మంతా మంచిదాన్నే. ఆ లెక్క కూడా వేసుకున్నాను, దాచను.

మర్నాడు మధ్యాహ్నం వంతు మారే వేళకు రెండిళ్ల వాళ్లూ బావి దగ్గర ఉన్నారు. అవతల బండి కట్టి ఉంది. ఆ పిల్ల మూట పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చుంది. నేను వాళ్ల పెద్దాయన ముందుకెళ్లి నిలబడ్డాను.

"కాకా, మీ కోడలు తప్పేం లేదు. రాయి నేను జరిపిన. మొన్న నేనే మల్ల సర్ది పెట్టిన."

మా మామ ఒక్కటే అడిగాడు.

"ఎంత జరిపినవమ్మా?"

చేత్తో చూపించాను. ఆయన వంగి రాయిని ఒక్కడే ఎత్తి పెద్దాయన చేతుల్లో పెట్టాడు. "ఇగ మీరే పెట్టుండ్రి. నా చెయ్యి వొద్దు" అన్నాడు. ఆ బావి ఎండిపోయేదాకా మా మామ మళ్లీ ఆ రాయిని ముట్టుకోలేదు. ఆ వేసవి మిగిలిన పొద్దటి వంతులన్నీ వాళ్లకే వదిలేశాం. మా తైదలు చివరి రెండు మడులే కాదు, సగం ఎండాయి. మా అత్త వానలు పడేదాకా నాతో మాట్లాడలేదు. అదేం నాకు భారమనిపించలేదు. చెప్పినందుకు ఒక్కనాడూ చింతించలేదు, ఈ వయసులోనూ చింతించను.

బండి విప్పేశారు. ఆ పిల్ల మూట తీసుకుని ఇంటికి పోలేదు, పార తీసుకుని మడుల్లోకి దిగింది. నేను గట్టు దాకా వెళ్లి, "తప్పయింది చెల్లె, రాయి జరపకుంట ఉండాల్సుండె" అన్నాను.

ఆమె తల ఎత్తకుండానే నీళ్లు మళ్లించింది.

"రాయి జరిపిందానికి కాదక్కా. మీ మడులు ఎండుతుండె, జరిపినవ్. అన్ని తెలిసి, నాకు పని నేర్పనీకె వచ్చినవ్ సూడు. గది మర్వను."