అక్క కూతురి రోబోకి నేను వేసిన ప్రశ్న

మొన్న ఆదివారం గుంటూరులో బడిపిల్లల రోబోల పోటీకి అతిథిగా రమ్మంటే వెళ్లాను. చల్లటి ఏసీ హాలు, గోడ నిండా తెరలు, రోబో గీత దాటగానే దానంతటదే పడిపోయే టైము. శాలువా కప్పించుకుని ముందు వరసలో కూర్చున్నానే గాని, నా మనసు మాత్రం ఇరవయ్యేళ్ల వెనక్కి, కిటికీలకి దుప్పట్లు కట్టి మేం పెట్టిన మొదటి పోటీ దగ్గరికి వెళ్లిపోయింది.

అప్పట్లో నేను గుంటూరు శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పేదాన్ని. చుట్టుపక్కల బడిపిల్లలకి రోబోల పోటీ పెడదామని ప్రిన్సిపాల్ గారు అనడమైతే అన్నారు గాని, అదెలా పెడతారో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. నాలుగు ప్లైవుడ్ చెక్కలు కలిపి తెల్లరంగు వేయించి, మీద నల్ల టేపుతో మెలికల దారి అతికించాం. రోబో ఆ నల్లగీతని పట్టుకుని నడిచి, అరచేతిలో పట్టేంత గుడ్డసంచీలో పోసిన ఎండుమిరపకాయల్ని ఈ చివర పొలం నుంచి ఆ చివర మార్కెట్ యార్డుకి చేర్చాలి. ముందురోజు బుద్ధిగా నడిచిన నమూనా రోబో, పోటీనాడు కిటికీలోంచి ఎండ పడేసరికి దారి తప్పి బల్ల అంచుకి పరుగెత్తింది. వెలుతురు ఎక్కువైతే దానికి నలుపూ తెలుపూ తెలియదని గుర్తొచ్చి, హాస్టల్లో దొరికిన దుప్పట్లన్నీ తెచ్చి కిటికీలకి కట్టించాను.

జడ్జీలం ముగ్గురం. నేను, కాలేజీలో ఆటలు చూసే పీడీ గారు, మూడో మనిషి లెక్కల మాస్టారుగా రిటైరై ఇంట్లో తోచక కూర్చున్న మా మామగారు. ఒక్క స్టాప్‌వాచీని నమ్మకూడదని రెండు తెప్పించి సగటు తీసే పద్ధతి పెట్టింది ఆయనే. జట్టుకి మూడు అవకాశాలు, మధ్యలో చేత్తో ముట్టుకుంటే మార్కులు కోత. మొత్తం మార్కుల్లో సగం పరుగుకి, సగం పక్కగదిలో మేం అడిగే ప్రశ్నలకి. రోబోని పిల్లలే చెయ్యాలన్నది నియమం. చేశారో లేదో తేలేది ఆ గదిలోనే కాబట్టి అందులోకి పెద్దవాళ్లకి ప్రవేశం లేదు. మొదటి గంటలోనే ఒక సంచీ చిరిగి, మిరపగింజలు రోబో చక్రాల కింద నలిగి, హాలంతా తుమ్ములు మొదలయ్యాయి. పీడీ గారు సరిగ్గా విజిల్ ఊదే వేళకి తుమ్మడంతో ఆ పరుగు మళ్లీ పెట్టాల్సొచ్చింది.

సత్తెనపల్లి నుంచి వచ్చిన జట్టులో తొమ్మిదో తరగతి చదివే మా అక్క కూతురు, దాని స్నేహితురాలు ఉన్నారు. మా బావకి సత్తెనపల్లిలో మోటార్ల వైండింగ్ షాపు ఉండేది. జీపు మాట్లాడుకుని, పులిహోర డబ్బాలతో బంధువులు పదిమంది దిగారు. అయినవాళ్ల జట్టుకి నేను మార్కులు వెయ్యనని ముందే చెప్పేశాను. వాళ్ల రోబో అడుగు తడబడకుండా వెళ్లి సంచీ దింపింది. అన్ని జట్ల కంటే ముందు అదే. బంధువుల వరస చప్పట్లతో హోరెత్తింది.

పక్కగదిలో రోబోని బల్ల మీద పెట్టగానే వంగి లోపలికి చూశాను. లోపలి వైర్లన్నీ తెల్లటి నూలు టేపుతో, ఒకే దూరంలో, ఒకే ముడితో కట్టి ఉన్నాయి. మోటారు కాయిళ్లకి బావ వేసే ముడి అది. ఆ గదిలో దాన్ని గుర్తుపట్టగలిగింది నేనొక్కదాన్నే. పీడీ గారికి తెలియదు, మామగారికి తెలియదు. మార్కులు వేసేదాన్ని ఎలాగూ కాను గనక నోరు మూసుకుంటే నన్ను తప్పుపట్టే వాళ్లూ లేరు. కాని బయట బెంచీ మీద, సీసం కరిగించి వైర్లు అతికే సోల్డరింగ్‌లో వేళ్లు కాల్చుకున్న పిల్లలు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు.

"ఈ ముడులు ఎవరు వేశారమ్మా?" అని అడిగాను.

అక్క కూతురు నా ముఖంలోకి చూసి, తల దించుకుని, "నాన్న వేశాడు పిన్నీ" అంది. వెంటనే సర్దుకుని, "మేడం" అంది.

"మిగతాదో?"

"అదీ నాన్నే. స్విచ్ మాత్రం మేం పెట్టాం."

మామగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, నిజం చెప్పినందుకు వీపు తట్టి, కాగితం మీద మాత్రం సున్నా వేశారు. మొదటి బహుమతి పెదకాకాని జట్టుకి వెళ్లింది.

బావ నాతో ఒకే ఒక్క మాట అన్నాడు. "మనదానివై ఉండి నువ్వే అడ్డం తిరిగితివి." ఆ తర్వాత నాలుగు నెలలు మాటల్లేవు. అక్క ఫోన్ చేస్తే వంటల సంగతులు, పత్తి ధర, వానలు తప్ప ఆ ఊసు ఎత్తేది కాదు. తీరా వేసవి సెలవుల్లో పిల్ల ఒక్కతే బస్సెక్కి మా ఇంటికొచ్చి, సోల్డరింగ్ నేర్పమంది. వారం రోజులు ఉండి, నా భోజనాల బల్ల మీద మూడుచోట్ల మచ్చలు పెట్టి వెళ్లింది.

మరుసటి ఏడు అది సొంతంగా చేసుకొచ్చిన రోబో చూడటానికి తిరగబడ్డ తట్టలా ఉంది. రెండుసార్లు గీత వదిలేసి, మూడోసారి సంచీని యార్డు గుమ్మం దాకా ఈడ్చి వదిలేసింది. ప్రశ్నల గదిలో మాత్రం పిల్ల చెబుతూనే ఉంటే మామగారే చెయ్యెత్తి ఆపాల్సొచ్చింది. నాలుగో స్థానం, బహుమతి లేదు. పోటీ నడిచినంతసేపూ బావ ఎక్కడ చెయ్యి పెట్టేస్తానో అన్నట్టు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నాడు. అంతా అయ్యాక నా దగ్గరకొచ్చి, "ఆ వైర్లు నేనైతే అట్టా వెయ్యను మరదలా. అయినా నడిచిందిలే" అని, పులిహోర పొట్లం చేతిలో పెట్టి, తినేదాకా కదలనివ్వలేదు.

మొన్నటి పోటీలో జడ్జీలు ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుర్రవాళ్లు. పాల్గొనే పిల్లలతో ఏ చుట్టరికమూ లేదని ముందే సంతకాలు పెట్టిస్తారట. మంచి పద్ధతే, మాకు అప్పుడు తట్టి ఉంటే నాలుగు నెలల బాధ తప్పేది. కాని వాళ్లు మార్కులు వేసేసి, ఎవరి వంకా చూడకుండా కార్లెక్కి వెళ్లిపోతుంటే మనసులో ఏదో వెలితి అనిపించింది. న్యాయం చెప్పడం ఇప్పుడు సులువైంది. చెప్పాక ఆ ఓడినవాళ్లింటికే వెళ్లి, వాళ్ల చేతి కాఫీ తాగాల్సిన పని ఎవరికీ లేదు.